గూబపిల్లకు వేసిన కొసరు

మా నాయన దుకాణంలో తూకం అయిపోయినాక ఒక చప్పుడు ఉండేది. సరుకు తూచి, పొట్లం కట్టే ముందర, తక్కెడ పళ్ళెం అంచు మీద వేలి ఉంగరంతో రెండుసార్లు కొట్టి, కొంచెం ఆగి, మూడోసారి కొట్టేవాడు. టక్ టక్. టక్. ఆ మూడో దెబ్బతో పాటు గుప్పెట్లోంచి నాలుగు శనగలో, చిటికెడు చక్కెరో పళ్ళెంలో రాలేది. అదీ కొసరు. ఎంత పడిందని ఎవరూ చూడరు, పడిందా లేదా అనే చూస్తారు. మార్కాపురం బజారులో మా కంటే పెద్ద దుకాణాలు ఎన్నో ఉన్నా మనుషులు మా మెట్లే ఎక్కుతున్నారంటే ఆ చప్పుడు కోసమేనని మా నాయన నమ్మకం.

ఆ మెట్ల మీద పెరిగి, దుకాణం తమ్ముడికి వదిలేసి నేను ఫారెస్టు డిపార్టుమెంటులో చేరినాను. గార్డుగా ఎక్కి సెక్షన్ ఆఫీసరుగా దిగినాను. మధ్యలో పెద్ద ఘనకార్యాలేమీ లేవు. పులిని ఎదురుగా చూసింది రెండుసార్లు. రెండుసార్లూ పులే పక్కకు తప్పుకుంది కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, బేరం. మేకల కాపరులతో అయినా, పై ఆఫీసర్లతో అయినా పది రోజులు అడిగి ఆరు రోజులకు ఒప్పుకోవడం, ఒప్పుకున్నాక ఇంకో రోజు కొసరు అడగడం.

కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు ఇంటికొస్తే పులి సంగతి చెప్పమంటారు. నేను గూబ సంగతి చెప్తాను. పులి ఎప్పుడూ అట్టపెట్టెలో మీ టేబులు మీదికి రాదు. పక్షిపిల్ల వస్తుంది. ఎవరో ఒకరు తువ్వాలులో చుట్టుకుని తెచ్చి, "మీరే చూసుకోండి సార్" అని పెట్టి పోతారు. ఆ రోజు మీరు నేను చేసినట్టు చెయ్యకూడదని ఇదంతా.

అప్పటికి నా సర్వీసు ఏడాది కూడా మిగల్లేదు. చలి విరిగి ఎండ కాస్త చురుక్కుమంటున్న రోజుల్లో ఒక పొద్దున ఆఫీసు ముందర ఆటో ఆగింది. ఒక పెద్దమ్మ దిగింది. నెత్తిన తట్ట, తట్ట మీద తడి తువ్వాలు. పలకల క్వారీలో రాయి చీల్చే మనిషని చేతులు చూస్తేనే తెలిసింది. గోళ్ళ సందుల్లో ఆ నల్లటి రాతిపొడి ఎంత కడిగినా పోదు.

"ఏంది పెద్దమ్మా అది?" అన్నాను.

"నువ్వే చెప్పు. ఫారెస్టోడివి గదా."

తువ్వాలు తీసినాను. బూడిదరంగు దూదిముద్ద. దూదిలో రెండు నారింజరంగు కళ్ళు. నన్ను చూసి ముక్కు కటకటలాడించి, లేని రెక్కలు విప్పి బెదిరించింది. నెత్తిన రెండు పక్కలా కొమ్ముల్లాగా లేచే ఈకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. రాతి గుట్టల్లో ఉండే పెద్ద గూబ పిల్ల అది.

సంగతి ఆమే చెప్పింది. తల్లిగూబ క్వారీ పక్కన కరెంటు తీగలకు తగిలి కింద పడిపోయింది. గుట్ట గోడకు ఉన్న అరుగులాంటి చోట మూడు పిల్లలుండేవి. రెండు రోజులు చూసి మేస్త్రీ ఎక్కి చూస్తే రెండు చచ్చిపోయి ఉన్నాయి. మూడోదాన్ని కూడా విసిరి పారెయ్యమన్నారంట కొందరు, గూబ కూత మంచిది కాదని.

"నలభై ఏండ్లుగా దాని కూత కిందనే పండుకుంటున్నా నాయనా. నేను చావలేదు. ఎలుకలు చచ్చినాయి," అన్నది పెద్దమ్మ. "ఆ గూబ ఉన్నన్నాళ్ళు మా గుడిసెల్లో జొన్నల సంచికి చిల్లు పడలేదు. ఇప్పుడు చూడు, ఈ వారంలోనే రెండు సంచులు కొరికినాయి. దీన్ని సాకు. సాకి మళ్ళీ మా గుట్ట మీదనే ఇడవాల. జూకి పంపిస్తా అంటే మాత్రం ఇయ్యను."

నోరు ఊరుకోదు కదా. "ఇది సర్కారు సొత్తు పెద్దమ్మా. షరతులు పెట్టకూడదు," అన్నాను.

"అట్లయితే సర్కారునే సాకమను," అని తట్ట నెత్తికెత్తుకుంది.

అంత తొందరగా నన్ను దించిన మనిషి బజారులో కూడా లేదు. "సరే దించు. మీ గుట్ట మీదనే ఇడుస్తాం," అన్నాను.

"నువ్వు ఆ బజారులో కిరాణా దుకాణం ఆయన కొడుకువి గదా. మీ నాయన తూకం నాకు తెలుసు. మాట తప్పవులే," అని, నన్ను ఇంకో ముడి వేసి కట్టేసి పోయింది.

మా సెక్షన్‌లో అప్పుడు ఒక బీట్ ఆఫీసరు ఉండేది. రాచర్ల వైపు పల్లె. అమ్మా నాయనా కూలికి పోయి చదివించిన పిల్ల. ఆదివారం ప్రార్థన అయినాక చర్చి చీర మీదే అడవికి వచ్చేసేది. వన్యప్రాణుల సంరక్షణ మీద ట్రైనింగు అయి వచ్చింది. ట్రైనింగు నేనూ అయినాను గానీ నాకు అక్కడి భోజనాలు గుర్తున్నాయి, ఆమెకు పాఠాలు గుర్తున్నాయి.

పిల్లను చూసి ఆమె అడిగిన మొదటి మాట, "తండ్రి పక్షి ఉందేమో చూసినారా సార్?"

ఇది రాసి పెట్టుకోండి. పిల్ల దొరికితే ముందు పాలు, గుడ్లు వెతకడం కాదు, దాని తల్లో తండ్రో బతికి ఉందేమో చూడాల. ఉంటే దాన్ని మించి సాకేవాళ్ళు లేరు. ఆ అరుగు ఉన్న గుట్టగోడను తవ్వడానికి మర్నాడే మిషన్ ఎక్కబోతోంది. క్వారీ ఓనరును పది రోజులు ఆపమని అడిగినాను. రెండు రోజులు ఇచ్చినాడు. రెండు సాయంత్రాలు పిల్లను ఆ అరుగు మీదే పెట్టి, కింద బండల చాటున ఇద్దరం కూర్చున్నాం. పిల్ల ఆకలికి చీదినట్టు అరుస్తానే ఉంది. ఏ రెక్కా ఆ పక్కకు రాలేదు. రెండో సాయంత్రం పొద్దు గుంకినాక ఆమె లేచి, నిద్రపోయే పసిబిడ్డను ఎత్తినంత నెమ్మదిగా పిల్లను పెట్టెలోకి తీసుకుంది.

ఆఫీసు వెనకాల పాడుపడిన నర్సరీ షెడ్డు ఉండేది. పచ్చ నెట్ కట్టి, లోపల ఎత్తులో పలకరాళ్ళు అమర్చి గూబకు ఇల్లు చేసినాం. మొదటి వారం తిండి నా పర్యవేక్షణలో నడిచింది. పసిపిల్ల కదా అని మెత్తటి మేక లివరు, ఎముక లేని మాంసం ముక్కలు కోసి పెట్టించినాను. నాలుగో రోజుకి పిల్ల మెడ వాల్చేసింది. పశువుల డాక్టరమ్మను పిలిస్తే, ఆమె గిన్నె చూసి నన్ను చూసింది.

"పెళ్ళి భోజనం పెడుతున్నారా? దీనికి బొచ్చు కావాల, ఎముకలు కావాల. ఎలుకను ఎలుక లాగానే పెట్టండి. అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చేసి అదే కక్కేస్తుంది. ఆ ఉండ పడిందంటే లోపల అంతా బాగున్నట్టు."

ఆ రోజు నుంచి పొలాల్లో బోనులు పెట్టించి పట్టిన ఎలుకలే. మందు పెట్టి చంపినవి వద్దు, అవి గూబనూ చంపుతాయి. మూడు రోజులకు నేల మీద బొటనవేలంత బొచ్చు ఉండ కనిపించింది. బీట్ ఆఫీసరు దాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చి, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు చూపించింది.

ఆ తర్వాత ఆమె నియమాలు మొదలైనాయి. షెడ్డు దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. తిండి పెట్టే మనిషి కనపడకూడదు. గోనెపట్టాకు చిల్లు చేసి, దాంట్లోంచి పట్టకారుతో లోపల పెట్టాల. "మనిషికి తిండికి సంబంధం ఉందని దానికి తెలిస్తే అది మళ్ళీ అడవికి పనికిరాదు సార్. ఎవరి దగ్గరికైనా పోతుంది. పోతే చంపుతారు. లేదంటే జూలో బోనే దానికి." మా రేంజ్ ఆఫీసరు కూడా అదే అన్నాడు. మచ్చికైపోయిందని తేలితే జూకి రాసేస్తానని, ఒక్క అవకాశమేనని.

నేను తల ఊపినాను. నియమాలు అన్నిటికీ తల ఊపడం నా సర్వీసు అంతా చేసిన పనే.

సాయంత్రం తిండి ఆమెది, పొద్దున తిండి నాది. గోనెపట్టా వెనక కూర్చుని, పట్టకారుతో ఎలుకను లోపల పెట్టేవాణ్ణి. గూబ గబుక్కున మింగేది. మింగి ఆ చిల్లు వైపే చూస్తూ నిలబడేది. కదలదు. రెప్ప వెయ్యదు. తూకం అయిపోయింది, గిరాకీ ఇంకా మెట్ల మీదే ఉంది. మా ఇంట్లో పుట్టినవాడు ఎవడైనా ఏం చేస్తాడు? ఒక చిన్న ముక్క పక్కన దాచి పెట్టుకునేవాణ్ణి. స్టీలు పళ్ళెం అంచు మీద పట్టకారుతో టక్ టక్. టక్. గోనెపట్టా పక్కకు జరిపి, చేత్తో ఇచ్చేవాణ్ణి. అది నా వేలు గీరకుండా, మూతి పక్కకు తిప్పి, ఎంతో మర్యాదగా అందుకునేది.

పది రోజులకు పట్టా జరపకముందే, టక్ టక్ వినగానే దగ్గరికి వచ్చేది. అది చూసి నాకు ఒళ్ళంతా సంతోషం. ఏదో పాపం చేస్తున్నానని తెలుసు, కాకపోతే కొంచెమే కదా అనుకునేవాణ్ణి. కొసరు ఎప్పుడూ కొంచెమే.

వానలు మొదలయ్యేనాటికి దూది అంతా రాలిపోయి, పలకరాయి పొరల్లాంటి చారల ఈకలు వచ్చినాయి. కొమ్ములు లేచినాయి. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు ఎగిరితే గాలి కదిలేది గానీ చప్పుడు వినిపించేది కాదు. వదిలిన ఎలుకను రెండు మూడుసార్లు తప్పినా నాలుగోసారి పట్టేది. ఒక సాయంత్రం పెట్టెలో పెట్టుకుపోయి పెద్దమ్మ గుట్ట మీద మూత తీసినాం. కాసేపు అట్లనే కూర్చుని, ఒక్కసారి వాలుగా జారి, లోయ దాటి అవతలి బండల్లో కలిసిపోయింది. బీట్ ఆఫీసరు కళ్ళు తుడుచుకుంది. నేను మర్నాడు బజారులో కనపడిన ప్రతివాడికీ గూబను సాకడం ఎట్లనో పాఠం చెప్పినాను. చెప్పించుకోనివాణ్ణి చొక్కా పట్టుకుని ఆపి చెప్పినాను.

మూడో రోజు పొద్దున పదిగంటలకు క్వారీ మేస్త్రీ ఫోను. "సార్, మీ గూబ ఈడ కూలీల నడుమ దిగింది. రాళ్ళు పడతాండాయి. తొందరగా రాండి."

మేము పోయేసరికి క్వారీలో కూలీల షెడ్డు కింద జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. నడుమ పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన తట్ట బోర్లించి ఉంది, దాని మీద ఆమె ఎడమ చెయ్యి. కుడి చేతిలో సుత్తి. సుత్తి రాయి కోసం పట్టుకుందా, మనుషుల కోసం పట్టుకుందా చెప్పలేను.

"బతికుందా?" అని అడిగింది బీట్ ఆఫీసరు.

"ఒక రాయి తగిలింది. రెక్క ఈకలు విరిగినాయి. ఊపిరుంది," అన్నది పెద్దమ్మ. "పట్టపగలు. అందరం పనిలో ఉన్నాం. ఎక్కడినుంచి వచ్చిందో, నా ముందర రాయి మీద వాలి నోరు తెరిచింది. అందరూ ఆగమైనారు. పైకి లెయ్యి పోపో అంటే పోదు. నన్నే చూస్తాది, నోరు తెరుస్తాది. రాళ్ళు లేచినాయి. నేను తట్ట బోర్లించినా."

"భయపడలేదా పెద్దమ్మా?"

"భయం కాదు తల్లీ, నాకు అనుమానం వచ్చింది. చూడు." ఆమె తట్టకు మోకాలు అడ్డం పెట్టి, ఎడమ చేత్తో ముందర ఉన్న పలకరాయికి ఉలి ఆనించింది. రాయి పొర చీల్చడానికి క్వారీల్లో అందరూ కొట్టే దెబ్బే కొట్టింది. పొర పట్టు వదలడానికి రెండు, ఆగి, చీలడానికి ఒకటి. టక్ టక్. టక్.

తట్ట లోపల గూబ గరగరా జరిగి, ఆ చప్పుడు వైపుకు వచ్చి తట్టకు ముక్కు ఆనించింది.

"ఇది మా ఉలి దెబ్బ. దీనికి ఉలి ఎట్ల తెలుసు? దీని తిండి ఈ చప్పుడుతో వచ్చింది. అట్ల ఎవురో సాకినారు," అని నిదానంగా తల తిప్పి నా వైపు చూసింది. "ఈ చప్పుడు నేను ఇంకోచోట కూడా విన్నా నాయనా. చిన్నప్పుడు. మీ నాయన తక్కెడ కాడ."

అందరూ నన్నే చూసినారు. నేను తట్ట వైపు చూసినాను.

జీపులో గూబ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బీట్ ఆఫీసరు కిటికీ బయటికి చూస్తూనే అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి సార్?"

"మొదటి నుంచి."

"రోజూనా?"

"రోజూ." అబద్ధం చెప్పినా పెట్టెలో సాక్షి ఉంది కాబట్టి ఉన్నది చెప్పినాను. "ఆదివారం నువ్వు చర్చిలో ఉంటావు కదా. ఆదివారం రెండుసార్లు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "అది చచ్చిపోయి ఉంటే మీ చేతి తిండితోనే చచ్చిపోయుండేది సార్," అన్నది, అంతే. దాన్ని ఎవరైనా రిపోర్టులో రాసి ఉంటే అంత నొప్పి పుట్టేది కాదు.

రేంజ్ ఆఫీసరు జూకి ఉత్తరం టైపు చేయించి సంతకానికి పెట్టుకున్నాడు. ఆయన ముందర కూర్చుని నా సర్వీసులో చివరి బేరం ఆడినాను. తప్పు నాదని ముందే ఒప్పుకున్నాను. బేరంలో అది ఎప్పుడూ చెయ్యకూడని పని. ఆరు నెలలు అడిగినాను. ఆయన నా ఫైలు చూసి, "నీ రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. నువ్వు దిగే రోజుకి అది సొంతంగా బతికితే సరే. లేదంటే నువ్వు ఇంటికి, అది జూకి," అన్నాడు. ఒక్కరోజు కూడా కొసరు అడగలేదు నేను.

బయటికి రాగానే బీట్ ఆఫీసరు తన షరతు చెప్పింది. "మీరు షెడ్డు దగ్గరికి రాకూడదు."

"దూరం నుంచి..."

"వద్దు సార్."

"గోనెపట్టా వెనక..."

"సార్."

నా కింద పనిచేసే పిల్ల నన్ను నా షెడ్డు నుంచి వెలేసింది. ఉత్తర్వు కంటే గట్టిగా పనిచేసింది అది.

గూబ తలలోంచి ఆ చప్పుడు తీసెయ్యాల. ఎట్లా? దారి కూడా ఆమే ఆలోచించింది. చప్పుడు వినిపిస్తూనే ఉండాల, దాంతో ఏమీ రాకూడదు. వినీ వినీ అది ఉత్త చప్పుడు అయిపోవాల. అట్ల రోజంతా కొట్టేవాళ్ళు ఎవరు? మా ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది.

పెద్దమ్మ వినింది. "వస్తా. నా పని ఎవురు చేస్తారు?" అన్నది.

ఆ ఒక్క పని మాత్రం నాకు చాతనైంది. క్వారీ మేస్త్రీ దగ్గరికి పోయి ఒక పూటంతా కూర్చుని, పెద్దమ్మ చీల్చాల్సిన రాయిని ఆటోలో మా ఆఫీసుకు పంపేటట్టు, చీల్చిన పలకల్ని సాయంత్రం అదే ఆటో తీసుకుపోయేటట్టు ఒప్పించినాను. ఆటో కిరాయి నాది, మాట ఆయనది. ఆమె కూలి ఒక్క పైసా తగ్గలేదు. మర్నాటి నుంచి పెద్దమ్మ షెడ్డు నెట్‌కు అవతల, గూబకు కనపడకుండా గోనెపట్టాల చాటున కూర్చుని పలకలు చీల్చింది. టక్ టక్. టక్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. తిండి మాత్రం ఏ చప్పుడూ లేకుండా, పొద్దు వాలే వేళకు గొట్టంలోంచి బతికున్న ఎలుకగా జారేది. దొరికితే తిను, దొరక్కపోతే పస్తు.

నేను ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని పెన్షన్ కాగితాలు నింపుకునేవాణ్ణి. చెవులు మాత్రం వెనకాలే. మొదటి రోజుల్లో ప్రతి చప్పుడుకూ గూబ నెట్‌కు కొట్టుకునేది. ఆ దబదబలు నా గుండెల్లో వినిపించేవి. పెద్దమ్మ మధ్యాన్నం సద్ది తినడానికి వచ్చి కిటికీలోంచి వార్త చెప్పేది.

"ఈపొద్దు కూడా నోరు తెరిచింది. పాపం, నువ్వు గుర్తొస్తున్నావు దానికి."

"నన్ను తిడుతున్నావా పెద్దమ్మా?"

"నిన్నే. ఇంకెవుర్ని తిట్టాల."

రెండు వారాలు గడిచినాయి. "నాలుగుసార్లు కొడితే ఒక్కసారి చూసింది," అన్నది. ఇంకో వారానికి, "ఎలుక ఉరికితే చూస్తాంది, నన్ను చూడటంలే." మధ్యలో ఒక మూడు రోజులు గొట్టంలోంచి వచ్చిన ఎలుకలు అన్నీ తప్పించుకుని మూలల్లో తిరిగినాయి, గూబ పస్తు. విరిగిన ఈకలతో మలుపు తిరగలేకపోతోంది. నేను లేచి షెడ్డు దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ పోయినాను. మూడోసారి బీట్ ఆఫీసరు దారికి అడ్డంగా నిలబడింది. నేను తిరిగి వచ్చి పెన్షన్ కాగితంలో నా పుట్టినతేదీ తప్పు రాసినాను. నాలుగో సాయంత్రం లోపల ఒక మెత్తటి దెబ్బ వినిపించింది, వెంటనే ఎలుక కీచుమని ఆగిపోయింది. మర్నాడు నేల మీద బొచ్చు ఉండ.

ఆపైన ఒక మధ్యాన్నం పెద్దమ్మ కిటికీ దగ్గరికి వచ్చి సద్ది మూట విప్పుతూ, "ఇంక నా వల్ల కాదు," అన్నది.

"ఏమైంది?"

"నా ముందర నిద్రపోతాంది. అంత గట్టిగా కొడుతున్నా, కళ్ళు మూసుకుని. నా పని అంత చులకనైపోయింది దానికి."

అంతకంటే మంచి వార్త నేను సర్వీసులో వినలేదు.

రెండోసారి బీట్ ఆఫీసరు తొందర పడలేదు. విరిగిన ఈకల చోట కొత్తవి వచ్చేదాకా ఆగింది. క్వారీ వెనక గుట్టలో, మిషన్ వెళ్ళని పాత గోడ మీద చెక్కపెట్టె పెట్టి, తలుపు తీసి వదిలేసింది. రెండు వారాల పాటు పొద్దు గుంకే వేళ పోయి, ఏ చప్పుడూ లేకుండా కొంచెం తిండి పెట్టి వచ్చేది. మొదట రోజూ తిన్నది, తర్వాత రోజు మార్చి రోజు తిన్నది. చివరి నాలుగు రోజులు పెట్టిన తిండి పెట్టినట్టే ఉండి చీమలు పట్టినాయి. సొంతంగా వేటాడుతుందా, లేక యాడన్నా పడి చచ్చిపోయిందా, అది మాత్రం తెలియదు. గూబ ఆమె కంట పడలేదు.

నా ఆఖరి రోజు వచ్చింది. మధ్యాన్నం ఆఫీసులో శాలువా కప్పి, నన్ను గురించి నాకే తెలియని గుణాలు చెప్పినారు. రేంజ్ ఆఫీసరు చేయి కలిపి, "మరి గూబ?" అన్నాడు. బీట్ ఆఫీసరు, "సాయంత్రం చెప్తాం సార్," అని, నన్ను జీపు ఎక్కమంది. మూడు నెలల తర్వాత పిలిచింది.

గుట్ట కింద దిగినాక నన్ను చూసి, "శాలువా తీసెయ్యండి సార్, జరీ మెరుస్తాంది," అన్నది.

బండల చాటున కూర్చున్నాం. కింద క్వారీలో కూలీలు పని ముగించే వేళ. పెద్దమ్మ మా కోసం ఇంకా కూర్చుని రాయి చీలుస్తోంది. ఎదురు గోడ మీద రాయికి, గూబకు తేడా తెలియని రంగు. చూసి చూసి నా కళ్ళు మండినాయి. అప్పుడు ఆ రాయికి రెండు కొమ్ములు లేచినాయి.

కింద నుంచి టక్ టక్. టక్. గూబ చూడలేదు.

"అది పెద్దమ్మ చప్పుడు," అన్నది బీట్ ఆఫీసరు నెమ్మదిగా. "మీ చప్పుడు కూడా చూడాల సార్. ఉలికి, స్టీలుకు తేడా ఉంటుంది. మీరు కొట్టండి."

నాకు కొట్టబుద్ధి కాలేదు. వస్తే? వస్తే అది జూకి. ఆ మాట రేంజ్ ఆఫీసరుకు నేనే ఇచ్చినాను. రాకపోతే... రాకపోవాలనే కోరుకుంటున్నాను, నిజమే. అయినా ఆ పొద్దున తిండి వేళలు, మూతి పక్కకు తిప్పి మర్యాదగా అందుకోవడం, అవన్నీ గుర్తొచ్చినాయి. టిఫిన్ డబ్బా తీసి, మూత అంచు మీద పట్టకారుతో కాదు, మా నాయన వేలికుండిన ఉంగరంతోనే కొట్టినాను. ఇప్పుడు అది నా వేలికి ఉంది.

టక్ టక్. టక్.

గూబ తల తిప్పింది. ఆ నారింజ కళ్ళు నేరుగా నా మీద నిలిచినాయి. పక్కన బీట్ ఆఫీసరు నా మోచేతిని పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుందో రెండు రోజులు నల్లగా కనపడింది. దుకాణం మెట్ల మీద నిలబడి తూకం చూసే గిరాకీలాగా కాసేపు నన్ను చూసింది. ఆ తర్వాత, పాత దుకాణం ముందర నుంచి ఆగకుండా పోయే మనిషిలాగా తల తిప్పేసుకుని, గోడ మీద నుంచి జారి, లోయ మీదుగా అవతలికి పోయింది. చప్పుడు లేదు. పోయినచోట ఒక పిట్టల గుంపు చెదిరి లేచింది, అంతే.

అది కూర్చున్న రాతి కిందికి పోయి వెతికినాం. నాలుగైదు తాజా బొచ్చు ఉండలు. ఒకటి విప్పితే బూడిద బొచ్చు నడుమ ఎలుక దవడ ఎముక, పసుపు పళ్ళతో. మేము పెట్టిన ఎలుక కాదు. చివరి నాలుగు రోజులు మేము పెట్టినవి చీమలే తిన్నాయి. బీట్ ఆఫీసరు అక్కడి నుంచే రేంజ్ ఆఫీసరుకు ఫోను చేసి, "సార్, బతుకుతోంది. సొంతంగా," అన్నది. ఆ రెండు మాటల కోసం మూడు నెలల గడువు బేరమాడి తెచ్చింది నేను, చెప్పింది మాత్రం ఆమె. అదే న్యాయం.

కిందికి దిగి పెద్దమ్మ ముందర నిలబడినాను. "నీ గూబను నీకు అప్పజెప్పినా పెద్దమ్మా. మాట చెల్లింది."

ఆమె చీల్చిన పలకను వెలుతురుకు పట్టి చూసి పక్కన పెట్టింది. "మరి కొసరేది?" అన్నది.

నా దగ్గర ఏమీ లేదు. సంచిలోంచి శాలువా తీసి ఇవ్వబోతే, "ఇది కప్పుకుని రాయి కొట్టేది ఎట్ల," అని వెనక్కి ఇచ్చింది. మా నాయన దుకాణం తలుపులు తెరిచినప్పటి నుంచి కొసరు వెయ్యకుండా గిరాకీని పంపింది ఆ ఒక్కసారే అయి ఉంటుంది.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఒకటే. పట్టకారు, గోనెపట్టా, ఎలుకలు, అన్నీ మీకు ట్రైనింగులో చెప్తారు. ఆ పక్షి మీ వైపు చూస్తూ నిలబడినప్పుడు మీ ఇంటి నుంచి మీరు తెచ్చుకున్న మంచి అలవాటు ఒకటి చేతిలోకి వస్తుంది. దాన్ని జేబులో పెట్టుకోండి. పక్కన బీట్ ఆఫీసరులాంటి మనిషి ఉంటే ఆమె చెప్పినట్టు వినండి, పదవి ఏదైనా సరే.

నేను దిగి మూడో ఏడు నడుస్తోంది. గుట్ట పక్కన బస్సు దిగే పని పడితే టిఫిన్ డబ్బా మూత చప్పుడు కాకుండా తీస్తాను. మొన్న చలికాలం, సాయంత్రం టీ తాగుతుంటే పెద్దమ్మ ఫోను. పలకరింపు లేదు. "ఇను," అని ఫోను గుట్ట వైపు పట్టినట్టుంది. గాలి హోరు, దూరంగా కుక్క. దాని వెనక బో... బూ అని లావు గొంతు. కాసేపు ఆగి, దానికి జవాబుగా, ఇంకో పక్క నుంచి కొంచెం సన్నటి గొంతు.

"రెండు ఉన్నాయి నాయనా," అన్నది పెద్దమ్మ. "రెండోది నువ్వు పంపినావా?"

"లేదు పెద్దమ్మా. మేము ఇచ్చింది ఒక్కటే."

"అయితే అది కొసరు," అని ఫోను పెట్టేసింది.